నకాషి కొండల్ పత్తాలు

నకాషి కొండల్‌కు పని అప్పజెప్పినవాళ్లను జనగామలో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. నడుస్తూ నడుస్తూ ఆగి, తమలో తామే ఏదో అనుకుని, నొసలు కొట్టుకుని మళ్లీ నడిచేవారు. పని మొదలు కాలేదని కొన్నాళ్లు, మొదలైన పని ఆగడం లేదని కొన్నాళ్లు, అయిన పనికీ తాము చెప్పినదానికీ సంబంధం లేదని జీవితాంతం. మా ఇంటికీ అతని ఇంటికీ నడుమ ఒక్క మట్టిగోడ. మొదట్లో అది నా ఎత్తు ఉండేది. అతన్ని తిట్టడానికి వచ్చినవాళ్లు దాని మీద చేతులు ఆన్చి ఆన్చి చివరకు నా నడుం దాకా అరిగింది. అందుకే అవతల జరిగినదంతా నాకు ఇంత బాగా తెలుసు.

నకాషీలంటే పటాలు రాసేవాళ్లు. బొమ్మ వేయడమని వాళ్లు అనరు, రాయడమనే అంటారు. పొడుగాటి బట్టకు చింతగింజల గంజి, సుద్ద పట్టించి ఆరబెట్టి, ఎర్రటి నేల పూసి, పైనుంచి కింది దాకా వరుసలు వరుసలుగా కథ రాస్తారు. కథలవాళ్లు ఆ పటాన్ని రెండు గుంజలకు వేలాడదీసి ఊరూరా చెబుతారు. గొల్లల పుట్టుకకు ఒక పటం, కల్లు గీసే గౌండ్లకు ఒకటి, బట్టలు నేసే సాలెలకు ఒకటి, మాదిగలకు ఒకటి. ఏ కులం కథ ఆ కులం వాకిట్లోనే. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఈ వృత్తిలో ఒక చిక్కుంది. పటం మూడు తరాలు చెక్కుచెదరదు. ఒకసారి పట్టుకుపోయినవాడు మళ్లీ రాడు, అతని మనవడు రావాలి. కొండల్ తండ్రి రాసిన ఆఖరి పటం మొగుళ్లపల్లి వైపు పోయింది. దాన్ని పట్టుకుపోయినవాడి మనవడి కోసం వీళ్లు ఎదురుచూస్తుండగానే అతను టూరింగు టాకీసులో టికెట్లు చింపే పనిలో చేరాడని కబురొచ్చింది.

అందుకని కొండల్ దుకాణాల బోర్డులు రాసి బతికాడు. బతికాడని మర్యాద కోసం అంటున్నాను. నకాషి పటంలో వేలు పెట్టేంత ఖాళీ ఉండకూడదు, పువ్వో పిట్టో ఉండాలి. ఆ రోగం బోర్డులకూ అంటుకుంది. కిరాణం బోర్డు రాయమంటే పేరు చుట్టూ తీగలు, తీగల మీద చిలుకలు, చిలుకల ముక్కుల్లో పండ్లు. పేరు మాత్రం కనిపించదు. జనం వచ్చి జామపండ్లు అడిగేవారు.

అరవై తొమ్మిదిలో ఉద్యమం పిల్లలు కొందరు ఇతనికి రంగు డబ్బా ఇచ్చి, రైలు స్టేషను గోడ మీద 'జై తెలంగాణ' అని రాసి రమ్మన్నారు. రెండు మాటలు. పోలీసులు వచ్చేసరికి గోడ మీద 'జై' ఒక్కటే ఉంది. దాని చుట్టూ గుర్రాలు, ఏనుగులు, హారతి పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లు.

"ఏం రాస్తున్నవ్‌రా?" అని హవల్దారు గద్దించాడు.

"ఇంక రాయలే సారు. జర బొమ్మలు కానియ్యుండ్రి."

ఎవరికి జై అన్నాడో గోడ మీద లేదు గనుక కేసు నిలవదని వదిలేశారు. పోతూ పోతూ హవల్దారు ఒక గుర్రానికి తోక పొట్టిదైందని చెప్పాడట. ఉద్యమం పిల్లలు వచ్చి తిట్టిన తిట్లకు నా గోడ ఆ ఒక్క పూటే బెత్తెడు అరిగింది.

ఎనభై ఆరు వచ్చేసరికి బోర్డులు రాయమనేవాళ్లు కూడా కరువయ్యారు. అతని భార్య సరళకు ఓపిక ఎక్కువని వాడకట్టులో అందరూ అనేవారు. ఓపిక కాదు, తిట్టీ తిట్టీ గొంతు పోయింది. ఆమె తమ్ముడు ఓదెలు మానుకోటలో బియ్యం మిల్లు మేస్త్రీ. మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటాం. ఆ ఓదెలు ఒకనాడు బావ కోసం పని వెతుక్కుని మరీ వచ్చాడు.

"షావుకారితోటి మాట్లాడిన బావా. బస్తాల మీద మిల్లు పేరు అద్దే పని. అక్షరాలు కోసిన రేకు ఉంటది. రేకు పెట్టుడు, నల్లరంగు పూసుడు, రేకు తీసుడు. గంతే."

"బొమ్మ?"

"బొమ్మ లేదు."

"మూలకు పువ్వన్న ఉంటదా?"

"బియ్యం బస్తాకు పువ్వెందుకు బావా?"

కొండల్ ముసుగు తన్ని పడుకున్నాడు. జ్వరం కూడా వచ్చింది. రేకు పెట్టి అద్దే పనికి అలవాటు పడితే తన చెయ్యి మళ్లీ కుంచె పట్టదనీ, తాతముత్తాతల నుంచి వచ్చిన రాత తనతో ఆగిపోతుందనీ అతని భయం. "చెయ్యి నిలువాల్నంటే మొదలు కడుపు నిండాలె గద" అని సరళ. ఉగాది దాకా ఆగుతానని షావుకారు మాటిచ్చాడు. ఆలోపల కుంచెకు పని దొరికితే సరి. లేకపోతే ఓదెలు వచ్చి బావను వెంటబెట్టుకుని మానుకోట బండెక్కిస్తాడు.

సరిగ్గా అప్పుడు దిగాడు చిల్పూరు సురేందర్ రెడ్డి. ఈయనకు చిల్పూరులో భూములు, జనగామలో ఇల్లు, నోట్లో రాజకీయం, చేతిలో పత్తాలు. పేకముక్కలను మేము పత్తాలంటాం. మా ఊరి కాన్వెంటులో సిస్టర్లు మాత్రం సైతాను ప్రార్థన పుస్తకమనేవారు. ఆ లెక్కన జనగామ మొత్తంలో సురేందర్‌ను మించిన భక్తుడు లేడు. కొత్తగా మండలాలు వచ్చిన రోజులు. మండలాధ్యక్షుడు కావాలని ఆయన కోరిక. అందుకని ఆ ఏడాది ఎవరేమన్నా కాదనేవాడు కాదు. ఈ సంగతి తరువాత చాలా నష్టం చేసింది.

ఆయన నాయనమ్మ సందుగ పెట్టెలో పాత గుడ్డల కింద పిడికెడు గుండ్రటి పత్తాలు దొరికాయి. బట్ట మీద గంజి పూసి, రంగులద్ది, లక్క పట్టించినవి. సగం పురుగులు తిన్నాయి. వీటిని గంజీఫా అనేవారనీ, నవాబుల కాలంలో పెద్దిళ్లల్లో ఆడేవారనీ ఆయనకు తెలుసు. నాయనమ్మ దగ్గర ఆట కూడా నేర్చుకున్నాడు. చూడగానే మనసైంది. అచ్చం ఇలాంటి కొత్త జత ఒకటి, అద్దాల బీరువాలో దాచుకునేంత అందంగా, చేయించాలని పట్టు పట్టాడు. హైదరాబాదులో చేతిపనుల ఆఫీసు ఒకటుంటే అక్కడి అధికారిణితో మాట్లాడి వచ్చాడు కూడా. నమూనా తయారైతే తానే వచ్చి చూస్తానని ఆమె అన్నది. నచ్చితే కొండల్‌కు ఏడాదంతా పని.

"ఎనిమిది రంగులు," అని మొదలుపెట్టాడు సురేందర్. "రంగుకొక రాజు, ఒక వజీరు, ఒకటి నుంచి పది దాక పత్తాలు. సమజైందా?"

"నా దగ్గర ఐదు రంగులే ఉన్నయి పటేలా."

"ఆ రంగు కాదయ్యా! ఇస్పేటు, కళావరు లేవా, గట్ల. పాతకాలంల కిరీటం ఒక రంగు, కత్తి ఒక రంగు, బంగారు మోహరీలు ఒక రంగు."

"మోహరీలు నేనెన్నడు చూడలే. నాకొచ్చినయి రాస్త."

"నీకొచ్చినయే రాయి. గుండ్రంగ రాయి. గంతే నేనడిగేది."

సురేందర్ సంతోషంగా పోయాడు. అప్పటికి కొండల్‌తో పని ఆయనకు కొత్త.

చలికాలమంతా కొండల్ తలుపు తీయలేదు. సరళ చింతగింజలు వేయించి, నానబెట్టి, రుబ్బి, గంజి కాచి, మా ఇంటి దాకా కంపు కొట్టించింది. ఒకరోజు పొద్దున సురేందర్‌కు కబురు పోయింది. ఆయన వచ్చేసరికి కొండల్ చంకలో చాపంత చుట్ట.

"పత్తాలేవి?"

"గివే." కొండల్ చుట్ట విప్పాడు. ఒక కొస అతని గడప మీద, రెండో కొస రైలు గేటు దగ్గర. ఎర్రటి బట్ట మీద గుండ్రాలు, గుండ్రాల్లో బొమ్మలు. చూడటానికి రెండు కళ్లు చాలవు.

"గిది పటమయ్యా! పత్తాలంటే ఏ ముక్కకాముక్క ఉండాలె. కోయి."

కొండల్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నకాషి వంశంలో పటాన్ని కోసినవాడు లేడు. పాడైన పటాన్ని కూడా దండం పెట్టి ఏట్లో వదులుతారు తప్ప చింపరు. "నన్ను కొయ్యమను పటేలా, కోస్కుంట. దాన్ని కొయ్య."

సురేందర్ నొసలు కొట్టుకున్నాడు. లోపలి నుంచి సరళ కత్తెర పట్టుకొచ్చింది. "ఓ అయ్యా, నువ్వు జర గోడ దిక్కు తిరుగు" అన్నది. కొండల్ గోడ దిక్కు, అంటే నా దిక్కు, తిరిగి కూర్చుని కళ్లు మూసుకున్నాడు. కత్తెర కిర్రుమన్నప్పుడల్లా తన మీద పడ్డట్టు ఉలిక్కిపడ్డాడు.

మొదటి పత్తా చేతిలోకి తీసుకున్న సురేందర్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "గీ రాజుకు చెయ్యి యాడ పోయింది?"

"పక్క పత్తాల ఉంది పటేలా," అన్నాడు కొండల్ కళ్లు తెరవకుండానే.

"పక్క పత్తాల ఎందుకుంది?"

"వజీరు భుజం మీద చెయ్యేసిండు గద. వజీరు ఆ పత్తాల ఉండె."

పటంలో ఒక బొమ్మ చూపు పక్క బొమ్మ మీదికి పోవాలి, ఒకరి చెయ్యి ఇంకొకరి కథలోకి చాపాలి. అది నకాషి నేర్పు. కత్తెర పడ్డాక ఒక రాజుకు చెయ్యి లేదు, ఒక గొర్రెకు తల లేదు, తల మాత్రం వజీరు చంకలో ఉంది.

"పత్తాలు కలుపుతరయ్యా! కలిపినంక ఏది ఏ పక్కకుంటదో ఎవలికెరుక?"

"కలుపుడెందుకు పటేలా? కథ తప్పుతది."

ఆ రోజు సురేందర్ చెప్పులు వేసుకోవడం మరిచిపోయి ఇంటికి పోయాడు. చెప్పులు సాయంత్రం నేనే పంపించాను.

రెండోసారి సరళ ముందే గుండ్రాలు కోసిచ్చింది, కొండల్ ఏ బొమ్మను ఆ బొమ్మ గుండ్రంలోనే బిగించి రాశాడు. ఈసారి వెనుక వైపు ఖాళీగా ఉందని ప్రతి పత్తా వెనుకా ఒక పిట్ట రాశాడు. ఒక పిట్టలా ఇంకో పిట్ట లేదు. వెనుక చూస్తే ముందున్నదేదో తెలిసిపోతే ఇక ఆటేముందని సురేందర్ గోల. "ఒక్కతీరుగ పిట్టలుంటయా యాడనన్న?" అని కొండల్ గోల. ఇద్దరూ అరుచుకుంటుండగా సరళ గోరింటాకు పూసినంత తీరికగా అన్ని పిట్టలనూ ఎర్రరంగుతో కప్పేసింది.

అప్పుడు నిదానంగా చూశాడు సురేందర్, ముందు వైపు ఏమున్నదో. కిరీటాలు లేవు, కత్తులు లేవు. ఒక రంగు గొర్రెలు. ఒక రంగు కల్లు లొట్లు. ఒకటి నేతగాళ్ల నాడెలు, ఒకటి చేపల వలలు, ఒకటి డప్పులు, ఇంకో మూడు అట్లాంటివే. ఏ పటాలు రాయడం తాతలు నేర్పారో అవే ఎనిమిది రంగులయ్యాయి. రాజులు ఆయా కథల్లోని కులపెద్దలు. ఒక్కొక్కడి మీసం ఒక్కో తీరు.

"మంచిగున్నయి," అని ఒప్పుకుని, మళ్లీ ఒకసారి అన్నీ తిరగేశాడు. "మా రంగేది?"

"మీకు పటం లేదు పటేలా. మీ కథ చెప్పేటోళ్లు మా దగ్గరికి రాలే."

"గన్ని భూములున్నోళ్లకు కథ లేదా?"

"మీకు పట్టాలున్నయి గద. పట్టాలున్నంక పటమెందుకనుకున్నరేమో మీ పెద్దోళ్లు."

సురేందర్ నోరు తెరిచి, ఎన్నికలు గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే పని. గంజీఫాలో సగం రంగులు పెద్దవి, సగం చిన్నవి. పెద్ద రంగుల్లో లెక్క మామూలే, తొమ్మిదిని పది కొడుతుంది. చిన్న రంగుల్లో లెక్క తలకిందులు. అక్కడ ఒకటి అన్నిటికన్నా పెద్దది, పది అన్నిటికన్నా చిన్నది. పాత ఆటలో ఉన్న విచిత్రం అదే. ఏవి పెద్దవో చూడగానే తెలియాలని పెద్దవాటికి ఎర్రనేల, చిన్నవాటికి నీలినేల పెట్టమన్నాడు సురేందర్. ఏ కులాన్ని చిన్న చేసినా ఓట్లు పోతాయి గనుక తాను మాత్రం ఏదీ చెప్పలేదు. "నువ్వే పంచు" అన్నాడు. తాను చేసిన తెలివైన పని అదొక్కటే అనుకున్నాడు.

కొండల్ ఆలోచించాడు. పొడుగు పటమున్న కథలు పెద్ద రంగులు, పొట్టి పటమున్నవి చిన్నవి అన్నాడు. నాడెలు ఎర్రనేలకు పోయాయి. డప్పులు నీలినేలకు వచ్చాయి.

గంజీఫా ముగ్గురు ఆడే ఆట. ఆడి చూద్దామని కొండల్ వాకిట్లో చాప వేశారు. సురేందర్ ఒకడు. బట్టల దుకాణం నర్సింగం రెండోవాడు, సాలెల పెద్దమనిషి. మూడోవాడు పోచయ్య, ఊళ్లో పెండ్లికీ చావుకూ డప్పు అతనిదే, అతని వాడలో ఓట్లు కూడా అతని మాటే. గోడ ఇవతల నేను, అవతల వాడకట్టంతా.

పోచయ్య నీలి పత్తా ఒకటి ఎత్తి చూశాడు. "మా డప్పులు చిన్నరంగు చేసినవా కొండలన్నా? గీడ గుడ చిన్నగనేనా?"

"ఊకె రంగు పేరే పోచయ్యా," అని సురేందర్ గాభరాగా సర్దిచెప్పాడు. "గండ్ల చిన్నతనమేం లేదు."

"లేకుంటె మీరే తీసుకోండ్రి పటేలా."

"నాకు రంగే లేదు గద!"

నర్సింగం మీసం దువ్వుకున్నాడు. "ఎవలది వాళ్లకుంటది. ఆడుర్రి." ఆడారు. నర్సింగం చేతిలోకి తొమ్మిది డప్పుల పత్తా వచ్చింది. అది పెద్దదనుకుని చాప మీద చప్పుడయ్యేటట్టు కొట్టాడు. "తొమ్మిది! ఎవలన్న కొడ్తరా?"

పోచయ్య నెమ్మదిగా ఒక పత్తా దించాడు. నీలినేల నడుమ ఒకే ఒక్క డప్పు.

"పోచయ్యదే పట్టు," అన్నాడు సురేందర్. "చిన్నరంగుల ఒకటే పెద్దది."

"ఒక్కటి తొమ్మిదింటిని ఎట్ల కొడ్తది?" నర్సింగం లేచి నిలబడ్డాడు.

"ఊరంతటికి సాటింపెయ్యాల్నంటె ఒక్క డప్పు సాలదా నర్సింగమన్నా? తొమ్మిదెందుకు?"

వాకిలంతా నవ్వింది. అదే కొంప ముంచింది. ఆ తరువాత నర్సింగం తన నాడెలతో పట్టు గెలిచినా అతనికి రుచించలేదు. "నేను పది నాడెలు తిప్పితే గని గెలుస్తలేను. ఆయన ఒక్కదానితోటి కూసున్నకాడ గెలుస్తుండు. మాది గుడ చిన్నరంగు చెయ్యి కొండల్."

"పొద్దున పెద్దరంగంటె మురిసినవ్ గదనే!" అన్నాడు కొండల్.

"పొద్దున తెల్వదు. మా పెద్దలు ఎన్నడు పెద్దగ బతికిండ్రు? మాది చిన్నరంగే."

గోడ పక్కన నిలబడ్డ గొల్లలు తమ గొర్రెలను చిన్నరంగులో వేయాలన్నారు. మర్నాడు గౌండ్లు నలుగురు కలిసి వచ్చి, లొట్లు పెద్దవని చెప్పిన వెధవ ఎవడని అడిగారు. నిన్న చిన్నరంగంటే ముఖం ముడుచుకున్న ఊరు ఇవాళ చిన్నరంగు కోసం కొట్టుకుచచ్చింది. పోచయ్య ఒక్కడే తమ డప్పుల పక్కన ఇంకెవరినీ రానిచ్చేది లేదని చాప మీద బైఠాయించాడు. సురేందర్ కాదనలేడు గదా. ఎవరొచ్చి అడిగినా "అట్లనే అన్నా, తప్పకుంట" అన్నాడు. కొండల్ ఎర్రనేల మీద నీలం పూశాడు, పోచయ్య అరిస్తే మళ్లీ ఎరుపు పూశాడు, నర్సింగం అలిగితే మళ్లీ నీలం.

"అన్ని చిన్నయే అయితె చిన్నదానికి అర్థమేముందయ్యా? పెద్దదొకటన్న ఉండాలె గద!" అని సురేందర్ ఆకాశానికి మొరపెట్టుకున్నాడు.

"మీరుండ్రి పటేలా పెద్దగ," అన్నాడు పోచయ్య. "మీకు రంగు లేదని బాధపడితిరి గద."

నీలం డబ్బా అడుగంటింది. ఉగాది వారంలోకి వచ్చింది. ఇంకా తడారని పత్తాలు చాప మీద పరిచి ఉండగా, నర్సింగం, గొల్లలు, గౌండ్లు, పోచయ్య ఒకరి గొంతు మీద ఒకరు గొంతు వేసి అరుస్తుండగా, హైదరాబాదు చేతిపనుల ఆఫీసు జీపు వచ్చి వాకిట్లో ఆగింది.

దిగినావిడ పేరు విజయలక్ష్మి. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. లొల్లి ఒక్కసారిగా ఆగిపోయింది. సరళ పరుగున పీట వేసి, గ్లాసుతో చాయ తెచ్చి చేతికిచ్చింది. చాయ కాలుతోంది. ఆవిడ దాన్ని పెట్టడానికి అటూ ఇటూ చూసి, చేతికి దగ్గరగా ఉన్న ఒక లొట్టి పత్తా మీద పెట్టింది.

"ఏవండీ, ఆకులు ఎక్కడున్నాయి?"

"ఏ ఆకులమ్మా?" అన్నాడు సురేందర్.

"మీరే కదండీ అన్నారు, పాతకాలపు పత్తాల మీద బొమ్మలని. పత్తా అంటే హిందీలో ఆకు కదా. ఆకుల ఆకారంలో గోడకు తగిలించుకునేవి అనుకున్నాను."

సురేందర్ గబగబా ఒక పత్తా ఎత్తి చూపించాడు. పత్తా అంటే ఇక్కడ పేకముక్క అని విడమర్చి చెప్పాడు. ఆవిడ నొచ్చుకుంది. బొమ్మలు ఎంతో ముచ్చటగా ఉన్నాయండీ అన్నది. కానీ పేకముక్కలంటే పైవాళ్లు ఒప్పుకోరట. సర్కారే జూదం ఆడిస్తున్నదని పేపర్లవాళ్లు రాస్తారట. లేవబోతూ గ్లాసు ఎత్తింది. తడి రంగు మీద పెట్టిన గ్లాసు కదా, అడుగున లొట్టి పత్తా అతుక్కుని పైకి వచ్చింది.

ఆవిడ దాన్ని ఊడదీసి చూసింది. మళ్లీ గ్లాసు కింద పెట్టి చూసింది. మళ్లీ తీసింది. మేమంతా నోళ్లు తెరుచుకుని ఆవిడ గ్లాసునే చూస్తున్నాం.

"ఇవి గ్లాసుల కింద పెట్టుకునే బిళ్లలుగా చేస్తే?" అన్నది. "బల్లల మీద మరకలు పడకుండా. ఆరేసి చొప్పున ఒక పెట్టెలో పెట్టి అమ్ముతాం. ఎన్ని చేసినా తీసుకుంటాం. మీరు ఇంట్లోనే కూర్చుని రాయొచ్చు."

సరళ కళ్లల్లో వెలుగు నేను గోడ ఇవతల నుంచి చూశాను. ఆమె మొగుడి ముఖం వంక చూసింది, వెంటనే ఆ వెలుగు పోయింది. కొండల్ తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఎంగిలి గ్లాసు కులపెద్దల నెత్తి మీద పెడ్తరా? వద్దమ్మా."

"ఓ అయ్యా!" అని సరళ గొంతు ఎక్కడినుంచో మళ్లీ వచ్చింది. "ఎల్లుండి ఓదెలొస్తడు. బస్తాలు యాదికున్నయా? కత్తెర పడితె వొర్రితివి, పిట్టల మీద రంగేస్తె వొర్రితివి, అన్నిటికి వొర్రినవ్. గిప్పుడు గుడ వొర్రుతవా?"

కొండల్ కుంచె పక్కన పెట్టాడు. తరువాత చాప మీదికి వంగి పత్తాలు ఏరడం మొదలుపెట్టాడు. రాజులను ఒక్కొక్కరినే తీసి పక్కన పెట్టాడు. వజీర్లను తీసి వాళ్ల పక్కన పెట్టాడు. చాప మీద గొర్రెలు, లొట్లు, నాడెలు, వలలు, డప్పులు మిగిలాయి.

"మనుషులను ఇయ్య. గివి రాసిస్త," అన్నాడు. "లొట్టి మీద గ్లాసు పెడ్తె తప్పు లేదు. గౌండ్లు ఏమనరు." గౌండ్ల వైపు చూశాడు. వాళ్లు ఏమీ అనలేదు. "వల మీద పెడ్తె తడిసేది వలనే గద, అది రోజు తడుస్తది."

"నాడెల మీద పెట్టుకోండ్రి," అన్నాడు నర్సింగం, చిన్నరంగు సంగతి మరిచిపోయి.

అందరూ పోచయ్య వైపు చూశారు. అతను గడ్డం గీక్కున్నాడు. "డప్పు మీద పెట్టుర్రి. కాకపోతె చాయ మంచిగ మసలాలె. డప్పు ఎచ్చబడితేనే మోగుతది."

విజయలక్ష్మి గారికి సగం మాటలు అర్థం కాలేదు, అయినా నవ్వి ఒప్పుకున్నది. నేల ఎర్రనా నీలమా అని కొండల్ అడిగితే ఏదైనా ఫరవాలేదండీ అన్నది. ఇన్నాళ్లూ కొట్టుకున్న ఊరికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

జీపు పోయాక సురేందర్ చాప మీద కూలబడ్డాడు. ఆయన ముందు మీసాలు మెలేసిన రాజులు, వాళ్ల వజీర్లు. "పరివారమంత హైదరాబాద్‌కు పాయె. ఒట్టి రాజులతోటి నేనేమాట ఆడాలె?"

"ఎలచ్చన్ల ఆట ఆడుర్రి పటేలా," అన్నాడు పోచయ్య. "దానికి రాజులే గావాలె."

సురేందర్ ఆ రాజులను రుమాలులో కట్టుకుని పోబోతే కొండల్ ఇవ్వలేదు. దాని మీద ఇంకో గంట గొడవ. అది చెప్పను, నాకే విసుగు.

అన్నట్టే రెండు రోజులకు ఓదెలు వచ్చాడు. కొండల్ కుంచె ముంచి వల కన్నులు ఒక్కొక్కటీ రాస్తున్నాడు, తల ఎత్తలేదు. సరళ వాకిట్లో చింతగింజలు రుబ్బుతున్నది.

"బట్టలు సర్దుకోలేదా బావా? బండి టైమైతుంది."

"ఆయన రాడు," అన్నది సరళ. "గీడనే పని దొరికింది."

"ఏం పని?"

ఆమె రుబ్బురాయి ఆపింది. ఎలా చెప్పాలో తోచక ఒకసారి మొగుడి వైపు, ఒకసారి గోడ మీదుగా నా వైపు చూసింది. నేను చూపు తప్పించుకున్నాను. "చాయ గ్లాసు కింద పెట్టే బొమ్మలు," అన్నది చివరకు.

ఓదెలు అక్కను, బావను, బొమ్మలను మార్చి మార్చి చూశాడు. "చాయ గ్లాసు కింద ఏమన్న పెడ్తరా అక్కా? హైదరాబాద్‌ల నేల లేదా?"

"ఉంటె నీ బావ మీ బస్తాల మీద అద్దుకుంట కూసునేటోడు. లేకపోవుడే మంచిగైంది. నువ్వు కూసో, చాయ పోస్త."